ఒకే నంబరు మీద ఇద్దరు

అప్పటికే అరగంటగా ఆస్పత్రిలో కూతురికీ అల్లుడికీ వాదన నడుస్తోంది. అత్తగారి కంటి ఆపరేషనుకు ఎవరి ఫోన్ నంబరు ఇవ్వాలన్నది సమస్య. ఆవిడకూ, రెండు నెలల కిందట పోయిన మామగారికీ ఉన్నది ఒకటే ఫోను. కూతురి నంబరూ, అల్లుడి నంబరూ ఇప్పటికే వాళ్ల పేర్ల మీద ఎక్కి ఉన్నాయి. అల్లుడు ఆ ఆస్పత్రిలోనే ప్రోగ్రామరు. మనిషికో ఫోను ఉంటుందనుకుని, రోగుల పట్టికలో నంబరునే మనిషికి గుర్తుగా పెట్టాడు. తేడా వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాములో ఒక షరతు అతికించి నెట్టుకొస్తున్నాడు.

"తప్పు పట్టికలో ఉంటే పట్టికనే దిద్దొచ్చుగా?" అంది భార్య.

"నాలుగు రోజులు పనంతా ఆగిపోతుంది. నీకు తెలీదులే."

అత్తగారికి ఒక కన్ను ఇదివరకే పోయింది. ఈ వారం దాటితే రెండోదాని సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు.

కౌంటరులో అమ్మాయి నంబరు కొట్టి, తెర వంక చూసి, ఆవిడ వంక చూసి, గొంతు తగ్గించింది. "మీరు పోయి రెండు నెలలైందమ్మా."

అల్లుడు అక్కడే కూర్చుని ఇంకో షరతు రాశాడు. రోగి ఆడమనిషైతే చావును పట్టించుకోనక్కర్లేదు. అత్తగారు బతికారు. ఆవిడతోపాటు మూడేళ్లుగా ఆ ఆస్పత్రిలో పోయిన ఆడవాళ్లందరూ బతికారు. పదకొండు గంటలకల్లా వాళ్ల ఇళ్లకు మెసేజీలు వెళ్లాయి, ఈరోజే పరీక్ష, పరగడుపున రమ్మని.

కొందరు ఫోనులో తిట్టారు. ఒక ముసలాయన మాత్రం భార్య ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"పొరపాటున వచ్చిందండీ" అన్నాడు అల్లుడు.

"తెలుసు బాబూ. అయినా ఒకసారి అడిగి వెళ్దామని."

అల్లుడు ఆయన్ను గేటు దాకా దిగబెట్టి వచ్చేసరికి, లోపల కళ్ల డాక్టరు అత్తగారి కార్డు తెరిచి కూర్చున్నాడు. అందులో ఉన్నవన్నీ మామగారి గుండె రిపోర్టులు, ఆయన రక్తం గ్రూపు. "ఆయన గుండెకు మందిచ్చి ఈవిడ కన్ను కోయమంటారా?" అని, ఆవిణ్ణి ఇంటికి పంపేశాడు.

రాత్రి అన్నాల దగ్గర అల్లుడు కంచంలోంచి తలెత్తకుండా చెప్పాడు. "రేపట్నించి నాలుగు రోజులు ఆస్పత్రిలో అన్నీ కాగితాల మీదే. పట్టిక మొత్తం విప్పి మనిషికో సంఖ్య ఇస్తున్నాను. పైవాళ్లకి చెప్పేశాను. కాగితం మీద మొదటి పేరు అత్తయ్యది. ఎల్లుండే ఆపరేషను."

భార్య మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది.

"ముందు మీ మామగారిని సరిగ్గా పోనివ్వు నాయనా" అన్నారు అత్తగారు.