సరేనమ్మ కాదంది

ఆ రోజు పొద్దున సరేనమ్మ పెద్ద కార్యక్రమాలేవీ పెట్టుకోలేదు. రక్తపరీక్షల ల్యాబులో ఆ వారం ఆమె పని కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. కాబట్టి బాల్కనీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక కప్పు కాఫీ వేడిగా ఉండగానే తాగాలని మాత్రం అనుకుంది. ఎవరేది అడిగినా "సరేనమ్మా" అనడం చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటు. కాలేజీలో స్నేహితురాళ్ళు పెట్టిన ఆ పేరు ల్యాబు దాకా వెంట వచ్చి స్థిరపడిపోయింది.

మొదటి గుక్క గొంతు దిగకముందే ఫోను మోగింది. అవతల హడావుడి. అదీ కాలేజీలో పెట్టిన పేరే. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆవిడ నడుస్తుంటే పక్కవాళ్ళు పరుగెత్తాల్సిందే.

"ఏమే, నువ్వు రోజూ కార్లో వెళ్తావు కదా! రేపట్నుంచి మా పిల్లలిద్దర్నీ ఈత క్లాసు దగ్గర దింపెయ్. అక్కణ్ణించి మా అత్తగారిని నడుము డాక్టరు దగ్గర. ఆ తర్వాత నన్ను మార్కెట్టు దగ్గర దింపేస్తే, ఇక నీ దారిన నువ్వు వెళ్ళిపోవచ్చు."

"ఈత కొలను మా ల్యాబు వైపు కాదు కదే, ఊరికి ఆ చివర."

"కారుకి ఆ చివరేంటి, ఈ చివరేంటి!"

"రోజూనా?"

"ఆదివారం వద్దులే. నేనేమన్నా రాక్షసినా?"

సరేనమ్మ నాలుక మీదికి "సరేనమ్మా" దానంతటదే వచ్చేసింది. చేతిలో కప్పు చూసుకుంది. ఇంకా పొగలు కక్కుతోంది. దాన్ని చూసి తెగించి, "మా కారు చెడిపోయిందే" అనేసింది.

"అయ్యయ్యో! ఉండు," అని హడావుడి ఫోను పెట్టేసింది.

లోపల పేపరు చదువుతున్న అత్తగారు తల ఎత్తింది. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఎంతెంత గొప్పవాళ్ళు గద్దించినా "లైను ఖాళీ లేదండీ" అని పాటలా చెప్పేదట. గొంతు తియ్యగా ఉండేది, జవాబు మారేది కాదు. తిట్టడానికి ఫోను చేసినవాళ్ళు కూడా చివరికి "థాంక్సండీ" అని పెట్టేసేవారట.

"కుదరదంటే సరిపోయేది కదమ్మాయ్," అంది ఆవిడ. "అబద్ధం ఎందుకూ? దానికి మళ్ళీ కాపలా కాయాలి."

"ఎందుకు కుదరదు అని అడుగుతుంది కదత్తయ్యా!"

"అడగనీ. నువ్వు మళ్ళీ కుదరదను."

ఈ పాఠం సాగుతుండగానే వీధిలో స్కూటరు ఆగింది. హడావుడి దిగింది. వెనక సీటు మీంచి పానాల సంచీతో ఒక మెకానిక్కు కూడా దిగాడు. సరేనమ్మ లోపలికి పరుగెత్తింది. "ఏమండీ, కారుని ఏదో ఒకటి చెయ్యండి!" అని భర్తను వెనక మెట్ల మీంచి తరిమింది. ఆయన లెక్కల మాస్టారు. కారు గురించి తెలిసిందల్లా దానికి నాలుగు చక్రాలుంటాయని. బానెట్టు ఎత్తి, చేతికందిన వైరొకటి పీకి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడ్డాడు.

మెకానిక్కు తొంగిచూశాడు. "ఇది తెగలేదు సార్. ఎవరో పీకారు."

"ఎలుకలు," అన్నాడు మాస్టారు.

"ఎలుకలు కొరుకుతాయండీ. పీకవు."

"మా ఇంటివి పీకుతాయి."

అంత ధీమాగా చెప్పాక మెకానిక్కు మాత్రం ఏం చేస్తాడు? "అయితే ఎక్కడెక్కడ దూరాయో చూడాలి. మొత్తం విప్పాల్సిందే," అని కారును షెడ్డుకు లాక్కుపోయాడు. కానీ హడావుడి చెవిలో ఒక్క మాటే మిగిలింది.

"ఎలుకలా? ఇంట్లో పెద్దావిడ ఉండగా!"

ఆవిడ శక్తిని మెచ్చుకుని తీరాలి. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో స్కూటరు తాళాలు. ముందు కింద వాటా వాళ్ళను హెచ్చరించింది. ఆ వాటా పెద్దాయన మంచమెక్కి, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. తర్వాత ఎలుకల మందు కంపెనీని పిలిపించింది. వాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని వచ్చి, సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఉండకూడదని అందర్నీ బయటికి పంపేశారు. ఆ గందరగోళంలో స్నేహితురాలి ఉద్యోగం కూడా మర్చిపోలేదు. తనే ల్యాబుకు ఫోను చేసి, "పాపం, వాళ్ళ ఇంటినిండా ఎలుకలండీ, ఇవాళ రాలేకపోతోంది" అని సెలవడిగింది. ల్యాబు డాక్టరు హడలిపోయి, ఎలుకలు లేవని తేలేదాకా గడప తొక్కొద్దన్నాడు.

భర్త బడికి పారిపోయాడు. సరేనమ్మ, అత్తగారు వీధిలో నిలబడ్డారు. కారు లేదు, ఇల్లు లేదు, ఉద్యోగం ఉందో లేదో తెలియదు.

"మా ఇల్లు లేదూ? రండి!" అని హడావుడి ఇద్దర్నీ తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. ఫ్యాను వేసింది, కాఫీ ఇచ్చింది, అత్తగారి వీపు వెనక దిండు పెట్టింది. అంత ప్రేమ చూస్తుంటే సరేనమ్మకు సిగ్గుతో చెమటలు పట్టాయి. పొద్దున్నుంచీ పరుగెత్తి పరుగెత్తి హడావుడి ముఖం వాడిపోయింది. అయినా నవ్వుతూ ఎదురుగా కూర్చుంది.

"కారు రేపటికల్లా ఇచ్చేస్తాట్టే. ఎల్లుండి నుంచి మొదలుపెడదామా మరి?"

సరేనమ్మ అత్తగారి వైపు చూసింది. ఆవిడ కప్పులోకి చూస్తూ, "నీ ఫోను కాల్ నువ్వే మాట్లాడాలమ్మాయ్" అంది.

ఇంత చేసిన మనిషికి ఇప్పుడు ఎలా చెప్పడం? చెబితే ఇన్నేళ్ళ స్నేహం ఏమవుతుంది? సరేనమ్మ కప్పు కింద పెట్టింది.

"కుదరదే."

"ఎందుకు?"

"కుదరదు." ఊపిరి పీల్చుకుని మిగతాది కూడా చెప్పేసింది. "కారు చెడిపోలేదే. ఎలుకలూ లేవు. వైరు ఆయనే పీకాడు. నీతో కాదనలేక అన్నీ అబద్ధాలు చెప్పాను. తప్పు నాదే. ల్యాబుకి, కింద వాటా వాళ్ళకి నేనే చెప్పుకుంటాను. నీకు అవసరమైన రోజు పిలువు, అర్ధరాత్రయినా వస్తాను. రోజూ మాత్రం నావల్ల కాదు."

కోడలు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అత్తగారు ఎప్పుడూ వినలేదు. చూపు దించకుండా, గొంతు పెంచకుండా, మనిషిని నొప్పించకుండా! ఎక్స్ఛేంజిలో తన తర్వాత ఇలాంటి గొంతు మళ్ళీ వినలేదనుకుంది. తన కప్పులో మిగిలిన కాఫీని తీసి కోడలి కప్పులో పోసింది.

తిడుతుందనుకుంటే, హడావుడి కళ్ళు తుడుచుకుంది.

"ఇలా చెప్పొచ్చా?"

"ఏంటి?"

"కుదరదని. ఇలా చెప్పెయ్యొచ్చా?" ఆవిడ దగ్గరికి జరిగింది. "ఆ ఈతకెళ్ళే పిల్లలు నా పిల్లలు కాదే. నా పిల్లలకి నీళ్ళంటేనే భయం. వాళ్ళు మా వదిన పిల్లలు. మా అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వంతూ ఆవిడదే. అడిగితే కాదనలేక అన్నీ నెత్తినేసుకున్నాను. మొయ్యలేక నీ నెత్తిన పెడదామనుకున్నాను. ఒసేయ్, నువ్వు ఇంత బాగా చెప్తున్నావు కదా, మా వదినకి కూడా నువ్వే చెప్పిపెట్టవే!"

"కుదరదు," అంది సరేనమ్మ. ఈసారి అత్తగారి వైపు కూడా చూడలేదు.

అత్తగారు లేచింది. హడావుడిని ఫోను దగ్గర నిలబెట్టి, వీపు నిటారుగా పెట్టమంది. నవ్వుతూ మాట్లాడమంది. కారణం అడిగితే జవాబు మార్చొద్దంది. హడావుడి కళ్ళు గట్టిగా మూసుకుని "వదినా, రేపట్నుంచి కుదరదు" అని, అవతలి జవాబు విని, ఫోను పెట్టేసి అలాగే నిలబడిపోయింది.

"ఏమందే?" అంది సరేనమ్మ.

"'సరేలే' అంది."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. హడావుడి ఆ ఊపులోనే ఇంకో నలుగురికి ఫోను చేసి, వాళ్ళేమీ అడగకముందే కుదరదని చెప్పేసింది.