నూట ఎనభై ఏళ్ల సెంటర్ ఫార్వర్డ్

ఫుట్‌బాల్‌ను కాళ్లతో ఆడతారన్నది అపోహ. కింది డివిజన్లలో దాన్ని దరఖాస్తులతో ఆడతారు. ఈ సత్యాన్ని ఇంగ్లండువాళ్లు ఎప్పుడో గ్రహించారు. అక్కడ ఏడెనిమిది మెట్లు దిగి చూసినా ప్రతి క్లబ్బుకూ ఒక చరిత్ర, ఒక స్థాపక పాదిరీ, తుప్పు పట్టిన ఒక గేటు ఉంటాయి. మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని మా అసోసియేషన్ ఆ సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టు దిగుమతి చేసుకుంది. (ఆటను దిగుమతి చేసుకునే ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.)

2018లో నేను యూనివర్సిటీలో చదువుకుంటూ, టార్నీట్ యువజన సంఘం అనే తొమ్మిదో డివిజన్ జట్టుకు కార్యదర్శిగా వెలిగాను. బంతి తన్నడం రానివాణ్ని కార్యదర్శిని చేస్తారు. జట్టు వయసు పద్నాలుగు నెలలు. అందరం కోస్తా జిల్లాల నుంచి చదువుకోడానికి వచ్చి ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. మా సెంటర్ ఫార్వర్డ్ ఎబెన్ ఆ సీజన్‌లో ఇరవై రెండు గోల్స్ కొట్టాడు. మిగతా జట్లలో అతని తర్వాతివాడు కొట్టినవి ఏడు. డివిజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి వెర్రిబీలోని ఒక పెద్ద క్లబ్బు తన జట్టులోకి తీసుకునేందుకు ట్రయల్ ఇస్తుంది. ఎబెన్‌కు అది చివరి సెమిస్టర్, అంటే ఆ ట్రయల్‌కు అదే చివరి అవకాశం.

సరిగ్గా అప్పుడే అసోసియేషన్‌వారికి నలభై ఒకటో నంబరు ఫారం గుర్తొచ్చింది. చరిత్ర లేని క్లబ్బును పాయింట్ల పట్టికలో ఉంచరట. ఆ చరిత్రను ఎవరి భాషలో వాళ్లు రాసి, అదే రోజు సాయంత్రం ఐదింటిలోగా పంపాలట. నేను మా చర్చి పెద్ద సుందర్ రాజు అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన చెయ్యి రాతకు పెట్టింది పేరు.

"అంకుల్, మన సంఘ చరిత్ర ఒక పేజీ కావాలి. అర్జెంటు. ఫైవ్‌కల్లా సబ్మిట్ చేయాలి."

"సంఘ చరిత్రా? ఇన్నేళ్లకి నువ్వొక్కడివి అడిగావురా అబ్బాయ్. కొత్తగా రాయడమెందుకు, రాసే ఉంది. మెయిల్ చేస్తాను, ఉండు."

మా భాషలో క్లబ్బూ సంఘమే, చర్చీ సంఘమే. (తేడా తెలుసుకునే పూచీ వినేవాడిది.) పద్నాలుగు పేజీలు వచ్చాయి. టైము నాలుగూ యాభై ఎనిమిది. చదవకుండా పంపించాను. చదివుంటే, 1838లో గోదావరి గట్టున మిషనరీ దొరగారు గుడారం వేయడంతో మొదలై, ఫుట్‌బాల్ అనే మాట తగలకుండా ముగిసే ఆ చరిత్ర నన్ను ఆపేదేమో.

అసోసియేషన్‌లో దాన్ని పరిశీలించింది రిజిస్ట్రార్ రాజ్ అంకుల్. ఆయన ఫిజీ తెలుగాయన. ముత్తాతది విజయనగరం కాబట్టి ఆయన్ని తెలుగు నిపుణుడిగా నియమించారు. మన లిపి ఆయనకు రాదు. అందుకని అంకెలు మాత్రం శ్రద్ధగా చదివారు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. మా జట్టు అసోసియేషన్ కంటే నూట నలభై ఏళ్లు పెద్దది గనక 'వారసత్వ క్లబ్బు' అయింది. వారసత్వ సంపదను పైకి గానీ కిందికి గానీ కదపరాదు కాబట్టి పట్టికలోంచి మా వరస తీసేశారు. మేం ఆడిన మ్యాచులు ఇకపై ప్రదర్శనలు. కొట్టిన గోల్స్ సాంస్కృతిక కార్యక్రమాలు. ఆ లెక్కన ఎబెన్ ఒంటిచేత్తో ఇరవై రెండు కార్యక్రమాలు నిర్వహించాడు.

సుందర్ రాజు అంకుల్ మాత్రం అసోసియేషన్ ఇచ్చిన షీల్డుతో ఫోటో దిగి చర్చి గ్రూపులో పెట్టారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న వరస. కింద తొంభై ఆరు దండాలు పడ్డాయి. వాటిలో ఎబెన్ వాళ్ల అమ్మది కూడా ఉంది.

నేనూ ఎబెనూ రాజ్ అంకుల్ ఆఫీసుకు వెళ్లాం.

"అంకుల్, క్లబ్ స్టార్ట్ చేసింది మేమే. లాస్ట్ ఇయర్, మా షేర్ హౌస్ లాండ్రీలో," అన్నాడు ఎబెన్.

"రికార్డ్‌లో ఎయిటీన్ థర్టీ ఎయిట్ ఉంది కదా, బేటా. మార్చాలంటే ఫౌండర్ సైన్ కావాల."

"ఫౌండర్ని నేనే అంకుల్."

రాజ్ అంకుల్ కొత్త ఫారం తీసి, పెన్ను మూత విప్పారు. "నీ డేట్ ఆఫ్ బర్త్ చెప్పు."

చెప్పాడు. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

చరిత్ర తప్పని ఒప్పుకుంటే, తప్పుడు చరిత్ర ఇచ్చినందుకు క్లబ్బు రద్దు, దాంతోపాటే గోల్స్ రద్దు. తప్పు కాదంటే అవి కార్యక్రమాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. (రెండింటికీ వేర్వేరు ఫారాలున్నాయి.)

"ఫస్ట్ పేజీ అన్నా చదవాల్సింది రా," అన్నాడు ఎబెన్ బస్‌స్టాపులో. తిట్టినా బాగుండేది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ట్రయల్ ఏడు గోల్స్ కుర్రాడికి దక్కింది. అది జరిగే రోజు అతనికి పూలగుత్తి ఇవ్వడానికి వారసత్వ క్లబ్బు ప్రతినిధిగా ఎబెన్‌ను పిలిచారు. ఎబెన్ వెళ్లి ఇచ్చాడు. అంత పాత క్లబ్బు మనిషిని నిలబెట్టడం మర్యాద కాదని, గీత బయట అతనికి కుర్చీ వేశారు.