గెలాక్సీ టీ స్టాల్

ఆ ఉదయం యూనస్ పెట్టుకున్న పని ఒక్కటే: చుక్క పాలు కింద పడకుండా మొదటి టీ కాచి, ఏడింటికల్లా రత్తమ్మగారి చేతికివ్వడం. గరికపాడు చెక్‌పోస్టు పక్కనున్న ఆ గది ఆవిడదే. ఇంతకు ముందున్నవాడు గోడలన్నీ మసిబార్చి పోయాడని ఆవిడకి ఇంకా మంటగానే ఉంది. "మరక కనిపించిందా, ఆ పూటే ఖాళీ చేయాలి" అని ముందే చెప్పేసింది. నందిగామలో పన్నెండేళ్ళు ఇంకొకరి కొట్టులో టీ కాచి, ఇప్పటికి సొంత కొట్టు పెట్టుకుంటున్న యూనస్‌కి ఇది పోతే ఇంకో చోటు లేదు.

కొట్టుకి పేరు పెట్టింది మాత్రం జగ్గయ్యపేటలో డిగ్రీ చదువుతున్న కూతురు ఇర్ఫానా. పాలు పొయ్యి మీద పెట్టాడో లేదో, బోర్డు చూసి సిమెంటు లారీ ఆపి డ్రైవరు బ్రహ్మయ్య దిగాడు.

"టీ కొట్టుకి గెలాక్సీ ఏంటయ్యా?"

ఈ ప్రశ్న కోసం యూనస్ వారం నుంచి కాచుకుని ఉన్నాడు. బయటికొచ్చి బోర్డు కింద నిలబడ్డాడు.

"గ్రీకు భాషలో గాలా అంటే పాలండి. పూర్వం వాళ్ళు ఆకాశంలో తెల్లటి చార చూసి, ఎవరో దేవత పాలు ఒలికాయనుకున్నారంట. సైన్సువాళ్ళు ఆ మాటే ఉంచేశారు."

"మనోళ్ళూ పాలపుంతే అంటారుగా!"

"అదేనండి!" అని యూనస్ మురిసిపోయాడు.

ఈలోగా వెనక లారీలు ఆగి హారన్లు మోగించాయి. యాక్సిడెంటేమోనని నలుగురు పరుగెత్తుకొచ్చారు. కాదని తెలిసినా, వచ్చినందుకు ఏదో ఒకటి విని పోదామని నిలబడ్డారు. యూనస్ మళ్ళీ గ్రీసు నుంచి మొదలుపెట్టాడు.

రోడ్డవతల కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతున్న ఇర్ఫానా, లారీల మధ్య దారి లేక అక్కడి నుంచే కేకేసింది. "నాన్నా, పాలు!"

"విన్నారా? పాలే! చదువుకున్న పిల్ల చెప్తోంది."

"అయ్యో నాన్నా, పాలు!"

"వీళ్ళకి అర్థమైందమ్మా!"

కమురు వాసన తగిలాక గానీ యూనస్ వెనక్కి తిరగలేదు. పరుగున వెళ్ళి పొయ్యి కట్టేసి, కంగారులో గిన్నె లాగితే పొంగగా మిగిలిందీ ఒలికిపోయింది. పాలు అరుగు దిగి గడప దాకా వెళ్ళాయి. గడప అవతల రత్తమ్మగారు నిలబడి ఉంది.

యూనస్ తుడిచే గుడ్డ అందుకున్నాడు. పన్నెండేళ్ళలో ఒక్కసారీ పొంగనివ్వలేదు, ఈ రోజే ఇలా కావాలా అని ఏడుపొచ్చినంత పనైంది.

"అమ్మగారూ, ఇప్పుడే తుడిచేస్తానండి..."

"తుడవకు!" అంటూ ఆవిడ చెప్పులు విడిచి చేతులు జోడించింది. "కొత్త గదిలో పాలు పొంగించావా నాయనా! నేనే చెబుదామనుకున్నా. మీ ఇళ్ళల్లో ఈ పద్ధతి ఉందో లేదోనని మొహమాటపడి ఊరుకున్నా. ఎన్నాళ్ళుంటావో ఉండు. ఏదీ, ఆ మొదటి టీ ఇలా తే!"

యూనస్ ఖాళీ గిన్నెలోకి చూశాడు.

పాల పేరు పెట్టుకున్న ఆ కొట్టులో బోణీ బ్లాక్ టీతో అయింది.