నున్నటి కాళ్ళు

సర్వే ఆఫీసులో నక్షాలు గీసే ఆయన ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరోగ్యం బాగుందని డాక్టరమ్మ చేత సంతకం పెట్టించుకోవాలి. పన్నెండు లోపల ఆ కాగితం సైకిల్ యాత్ర వాళ్ళకు అందించాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. ఇల్లాలికి ఆ తర్వాతే చెప్పాలి.

నడవలేని పిల్లలకు చక్రాల కుర్చీల కోసం నలభై మంది రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు, పద్నాలుగు వందల కిలోమీటర్లు తొక్కబోతున్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఆ రోడ్లన్నీ గీశాడు. ఏ వంపు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఒక్కదాని మీదా ప్రయాణం చేసిన పాపాన పోలేదు. అందుకే మూడు నెలలుగా వాకింగ్ అని చెప్పి వెళ్ళి, సైకిల్ షాపులో దాచిన సైకిల్ తొక్కి వస్తున్నాడు. ప్రయాణం ఎల్లుండే అనేసరికి కాలు ఒకచోట నిలవడం లేదు.

చిక్కంతా ఆ కాళ్ళతోనే వచ్చింది. పడి దెబ్బ తగిలితే, కట్టిన పట్టీ ఊడదీసేటప్పుడు వెంట్రుకలు ప్రాణం తీస్తాయని, ముందే గీసేసుకోమని సైకిల్ షాపతను సలహా ఇచ్చాడు. ఆయన స్నానాలగదిలో అరగంట కూర్చుని రెండు కాళ్ళూ నున్నగా గీసేశాడు.

బయటికి రాగానే ఇల్లాలు కాఫీ అందించింది.

"వద్దు. పరగడుపునే ఉండాలి" అని నోరు జారాడు.

ఆమె ఆ కాళ్ళ వంక చూసింది. చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న ఆసుపత్రి చీటీ చూసింది. తన తల్లి మోకాలి ఆపరేషన్‌కు ముందు నర్సు ఇలాగే గీసింది. వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది.

పది నిమిషాల్లో బావమరిది కారుతో దిగాడు. వెనక సీట్లోంచి అత్తగారు దిగింది.

"ఎప్పట్నించండీ ఇది?" అంది ఇల్లాలు ముక్కు తుడుచుకుంటూ.

గుట్టు రట్టయిందనుకున్నాడాయన. "మూణ్ణెల్లు."

"నాతో ఒక్క ముక్క అనలేదే!"

"చెబితే వద్దంటావని."

"ఎవరైనా వద్దంటారా? ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆయన మొహం చాటంత అయింది. "ఇరవై రోజులే! నలభై మందిమి కలిసే!"

"నలభై మందికి ఒకేసారా?" బావమరిది నోరు తెరిచాడు. "బావా, అది ఆసుపత్రేనా?"

"అల్లుడు భయపడకుండా నవ్వుతున్నాడే, అదే నాకు భయంగా ఉంది" అని అత్తగారు ఘొల్లుమంది.

ఆయన విషయం విడమర్చేలోపే బావమరిది ఎత్తుకెళ్ళి కార్లో పడేశాడు. ఆసుపత్రి గుమ్మంలో ఏడుస్తున్న కుటుంబాన్నీ, నున్నటి కాళ్ళనూ చూసి నర్సు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చక్రాల మంచం తెప్పించింది. ఆపరేషన్ గౌను తొడిగించింది. "ఎడమ కాలా, కుడి కాలా?" అని మాత్రం అడిగింది.

"రెండూ!" అన్నాడు బావమరిది.

"అమ్మా, నాకు కాళ్ళు కావాలి! ఎల్లుండి సైకిల్ తొక్కాలి!" అని అరిచాడాయన. మత్తు ఇవ్వకముందే కలవరింతలేమిటని నర్సు ఆశ్చర్యపోయింది.

అదృష్టం బాగుండి డాక్టరమ్మ ఎదురొచ్చింది. "ఈయన రక్తపరీక్షకు రావాల్సినాయన కదా?" అంది. అక్కడితో మొత్తం బయటపడింది. యాత్ర, షాపులో సైకిల్, ఉత్తుత్తి వాకింగ్.

"సైకిలా?" అంది ఇల్లాలు. ఏడుపు టక్కున ఆగింది. "ఈ వయసులోనా? పక్క వీధికి కూడా పంపను!"

రక్తం తీసుకుని, బీపీ చూస్తే నూట డెబ్భై ఉంది. "ఇలా ఉంటే సంతకం పెట్టలేను" అంది డాక్టరమ్మ. గోడ గడియారంలో పదకొండు దాటింది. గీసిన రోడ్లన్నీ ఒక్కొక్కటే చెరిగిపోతున్నట్టు ఆయన కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ మిగతావాళ్ళను బయటికి తోలింది. ఇల్లాలు మాత్రం కదల్లేదు. తిట్టడానికే ఉండిపోయింది, కానీ తిట్టలేదు. ఆ నున్నటి పాదం మీద దుప్పటి సర్ది, చెయ్యి అక్కడే ఉంచేసింది. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే నూట ఇరవై రెండు.

డాక్టరమ్మ రక్తపరీక్ష ఫలితాన్నీ నిరుటి కాగితాలనూ పక్కపక్కన పెట్టింది. "నేనిచ్చిన మాత్రలకు తగ్గని షుగరు మూణ్ణెల్లలో తగ్గిందే! ఈ సైకిల్ ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు" అంటూ కాగితం మీద అదే ముక్క రాసి, కింద సంతకం గీకింది. పదకొండూ ముప్పావు. తలుపు సందులోంచి వింటున్న బావమరిది కారు స్టార్ట్ చెయ్యడానికి పరుగెత్తాడు.

ఆ ఇంట్లో డాక్టరు రాసింది ఒక్క పూట తప్పితే ఇల్లాలు ఊరుకోదు. ఆమె కాగితం రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడతపెట్టింది.

"డాక్టరమ్మగారూ, ఈ పద్నాలుగు వందల కిలోమీటర్లూ భోజనానికి ముందా, తర్వాతా?"