ఖాజా మొహిద్దీన్ గారి ఖాళీ డబ్బా దండయాత్ర

స్వస్తిశ్రీ! శోభకృన్నామ సంవత్సర శ్రావణమాసమందు, పులికాటు సరస్సునకు ఉత్తరముగా, వాకాటికి తూర్పుగా, లవణజల తరంగ సంఘర్షణచే అహోరాత్రములు ఘోషించుచు, ఎండుచేపల పరిమళముచే ఆమడ దూరమునుండియే తన ఉనికిని చాటుకొనుచు వెలుగొందునట్టి ఒకానొక పాలెమునందు, ఏ పూర్వయుగమునందును జరగనట్టి, జరిగియున్నచో ఉభయసైన్యములును సిగ్గుపడి ఇళ్లకు పోదగినట్టి ఘోరసంగ్రామ మొకటి సంభవించెను. దానికి కారణము ఒక ఖాళీ డబ్బా.

ఈ గాథకు నాయకుడు ఖాజా మొహిద్దీన్. పాలెము బడిలో చేతిపనుల మాస్టారు. పద్యనాటకములలో పదేండ్లు రాజవేషములు కట్టినందువలన సింహము గొంతును, టెంపరరీ ఉద్యోగి యైనందువలన కుందేటి గుండెను కలిగిన మహావీరుడు. ఆయనకు పైనుండి ఆజ్ఞ దిగినది. పారవేసిన వస్తువులతో వాద్యములు చేయించి, పిల్లలచే కచేరీ జరిపించి, దేనిని వృథా చేయరాదను పరమసత్యమును పాలెము ప్రజలకు బోధింపవలెను. ఇన్‌స్పెక్టరుగారు స్వయముగా వచ్చి విందురు. నచ్చినచో ఉద్యోగము పర్మనెంటు, నచ్చనిచో ఉద్వాసన. ఉద్వాసన యైనచో పోవలసినది నెల్లూరిలో తన మామగారైన చోటే సాహెబుగారి గాజుల కొట్టునకు. అచ్చట గాజులకన్న ముందు అల్లుని పరువు పగులును. ఆ తలపునకే మాస్టారికి ముచ్చెమటలు పోసెను.

అంతట ఆ ధీరుడు, భుజమున గోనెసంచిని ధరించి, పిల్లల సేన కేరింతలు కొట్టుచు వెంటరాగా, వాడవాడ గాలించి, గడపగడప తట్టి, మిట్టమధ్యాహ్న మగుసరికి ఒక భయంకర సత్యమును కనుగొనెను. పాలెములో ఎవరును ఏదియు పారవేయరు.

కిరసనాయిలు డబ్బా ముత్యాలయ్య పడవలో చేరిన నీళ్లు తోడుచున్నది. విరిగిన తెడ్డు ఒక తలుపునకు గడియ యైనది. చినిగిన వల గుమ్మడిపాదు చుట్టు కోటగోడయై మేకల దండును ఎదిరించుచున్నది. పగిలిన కుండ పొయ్యిమీదినుండి దిగి, తానే పొయ్యియై కూర్చున్నది. కొబ్బరిచిప్పలన్నియు గరిటెలుగా కొలువులో చేరినవి. అవన్నియు పర్మనెంటు ఉద్యోగులే గదా అని తలచి మాస్టారు నిట్టూర్చెను.

తుదకు, ఎండురొయ్యల బేరములో వాకాటి సంత మొత్తమును గడగడలాడించునట్టి మాలకొండమ్మ ముంగిట ఒక పాలపొడి డబ్బా కనబడెను. అడుగంతయు చిల్లులే! మాస్టారు భుజముమీది తువ్వాలు సవరించుకొని, దర్బారు గొంతెత్తి ఇట్లు పలికెను:

“ఓ మాలకొండాంబా! మత్స్యవాణిజ్య ధురంధరా! శతచ్ఛిద్ర సంకులమై, సర్వప్రయోజన విహీనమై, నీ ముంగిట దీనముగా పడియున్న ఈ డబ్బాను నాకు దానమిచ్చితివేని, దీనిని మృదంగముగా మార్చి, నీ కీర్తిని దిగంతముల దాక మ్రోగింతును!”

“ఆ చిల్లులు నేనే పొడిచినా అయ్యోరా,” అన్నది మాలకొండమ్మ తల ఎత్తకుండనే. “రొయ్యపొట్టు జల్లించుకునేదానికి. నిన్న సాయంత్రమంతా మేకూ బండా పెట్టుకోని కూసున్నా. పనికిరాందంటావేంది?”

మాస్టారు దర్బారు దిగి నేలమీదికి వచ్చెను. “పోనీ, పారేసిందేదన్నా ఉంటే ఇయ్యక్కా.”

“పారేసేదానికి మాకాడ ఏముండాది? మాకు పారేయొద్దని చెప్పేదానికా ఆ ఆఫీసరు వస్తుండేది? పారేసేది ఎట్లనో ముందు నేర్పించమను.”

మాస్టారు ఖాళీ సంచితో మరలెను. ఆ సంచిని కూడ దారిలో ఒకామె అడిగి పుచ్చుకొనెను.

మరునాడు ఇన్‌స్పెక్టరు జయకుమార్ గారు జీపు నధిరోహించి, ధూళి గగనమంటగా విచ్చేసిరి. బడి ఎదుటనే రథచక్రము ఇసుకలో క్రుంగెను. పాలెమువారు వెనుకనుండి తోయుచుండ, ఆయన దిగనైన దిగక, మిగిలిన ఒకే ఒక సిగరెట్టు వెలిగించుకొని, గుండ్రని సిగరెట్టు డబ్బాకు మూత బిగించి, అలవోకగా బయటకు విసరెను. తళతళలాడుచు గాలిలో తిరిగి అది ఇసుకపై వాలెను. పాలెము పుట్టినది మొదలు అచ్చట పారవేయబడిన తొలి వస్తువది.

చూచినవారు ఇద్దరు: మాస్టారు, మాలకొండమ్మ. చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, ఇన్‌స్పెక్టరుగారి కొరకు తెచ్చిన పూలదండను తన మెడలోనే వేసికొని, మామగారి ముఖము కన్నులలో మెదలుచుండ, పడుచు లేచుచు మాస్టారు పరుగెత్తగా, పుట్టిననాటి నుండియు ఇసుకలోనే నడిచిన మాలకొండమ్మ ఊరకనే నాలుగడుగులు వేసి డబ్బా పట్టుకొనెను. మాస్టారు మూత పట్టుకొనెను. ఆమె లాగెను. ఆయన లాగెను. డబ్బా ఆమెకు, మూత ఆయనకు దక్కెను.

“సున్నం పెట్టుకుంటా అయ్యోరా. మూతియ్యి.”

“మూత లేకుంటే లోపల పోసే గవ్వలు నిలవవక్కా. గవ్వలు లేకుంటే కచేరీ లేదు. కచేరీ లేకుంటే ఉద్యోగం పోద్ది. మా మామ కొట్లో కూర్చోలేనక్కా.” ఈమారు మాస్టారి గొంతులో నాటకము లేదు.

మాలకొండమ్మ ఆయనను ఎగాదిగా చూచి, డబ్బా చేతిలో పెట్టెను. “పాటయిందాకా నీది. ఆ తర్వాత నాది. సొట్ట పడిందంటే నీ కత చెప్తా.”

కచేరీ ఆరంభమయ్యెను. వాద్యబృంద మంతయు ఆ ఒక్క డబ్బాయే. గుప్పెడు గవ్వలు పోసి మాస్టారు దానిని ఆడించుచుండ, పిల్లలు వల లాగు పాట నెత్తుకొనిరి. గలగల, గలగల! ఆ చప్పుడులో ఆయనకు తన జీతమే వినబడెను.

ఇన్‌స్పెక్టరుగారు పరవశించి లేచి ఉపన్యసించిరి. “చూచితిరా అజ్ఞానులారా! మీరు పారవేసిన డబ్బాయే నేడు సంగీతమైనది! ఈ విధముగా దినదినము ఎంత జాతీయసంపదను మీరు సముద్రముపాలు చేయుచున్నారో!”

“మేం పారేసింది కాదు సారూ,” అన్నది మాలకొండమ్మ. “మీరు జీపులోంచి ఇసిరింది.”

మాస్టారి కుందేటి గుండె ఒక్క గంతు వేసి ఆగెను. ఇన్‌స్పెక్టరుగారు డబ్బాను చూచిరి, గుర్తుపట్టిరి, దగ్గిరి, త్వరగా బయటపడుటయే మేలని తలచి, మాస్టారి కాగితములపై సంతకము గిలికి, “ఇటువంటి కచేరీ ఇచ్చట నెలనెలా జరగవలెను!” అని ఆజ్ఞాపించిరి.

“అట్లయితే నెలనెలా మీరు రావాల సారూ. పారేసేవాళ్లు మా ఊళ్లో ఎవురూ లేరు.”

ఇట్లు ఖాజా మొహిద్దీన్ మహావీరుడు, ఒక సిగరెట్టు డబ్బాను మూతతో సహా జయించి, సొట్ట పడకుండ ఒక పాట పొడవున పరిపాలించి, గవ్వలు ఒంపి మాలకొండమ్మకు సమర్పించి, పర్మనెంటయ్యెను. ఆ విజయమునకు దిక్కులు పిక్కటిల్లునట్లు జయభేరి మ్రోగింపవలసినదే కాని, మ్రోగించుటకు పాలెములో ఖాళీ డబ్బా ఒక్కటియు లేకపోయెను.