మంత్రిగారి వాచీ

సింగపూర్‌ను ఆమూలాగ్రం పరిశీలించి, పనికొచ్చేదంతా రాష్ట్రానికి పట్టుకొస్తానని ప్రకటించి హైటెక్ వ్యవహారాల మంత్రి జానకిరామయ్యగారు విమానం ఎక్కారు. మాట తప్పే మనిషి కాదు.

ఆ బుధవారం చాంగీ విమానాశ్రయంలో, అద్దాల గోడకు ఇవతల, తెలుగు సంఘం అధ్యక్షుడు సాంబశివరావు గజమాలతో నిలబడ్డాడు. పక్కన నాగమల్లేశ్వరి, ఆమె శిష్యురాలు ఎనిమిదేళ్ల రుచిత. ఆంగ్ మో కియోలో తాముండే అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో, ఆదివారాలు నాగమల్లేశ్వరి పిల్లలకు తెలుగు చెబుతుంది. ఉన్నది ఒకటే వాచకం, పోయిన తమ్ముడిది. దాన్ని జిరాక్సు తీయిస్తే ఏనుగు నల్లమబ్బులా పడింది. పిల్లలు ‘ఏ’ అంటే వాన అనుకుంటున్నారు. వాచకాలు ఇప్పించమని మంత్రిగారికి ఫ్యాక్సు పంపింది. బడికి శాశ్వతంగా నిలిచేదే తెస్తున్నామని, స్వహస్తాలతో ఇస్తామని జవాబొచ్చింది.

మంత్రిగారు సామాన్ల బెల్టు దాకా వచ్చారు. వెంట పీఏ సుధాకరరావు, ట్రాలీ మీద బరువైన చెక్కపెట్టె. గుమ్మం నాలుగడుగుల్లో ఉందనగా ఆగిపోయారు. సాంబశివరావు సెల్‌ఫోన్ మోగింది.

“రాహుకాలం వచ్చేసిందండీ” అన్నాడు సుధాకరరావు. “సిద్ధాంతిగారు పన్నెండులోపు కాలు బయటపెట్టమన్నారు. సార్ వాచీలో ఇంకా తొమ్మిదిన్నరే కదాని కాఫీ తాగుతూ కూర్చున్నాం.”

“వాచీ ఇక్కడి టైముకు తిప్పుకోలేదా?”

“ముహూర్తం చూసిన వాచీని తిప్పకూడదుటండీ.”

సింగపూర్ రాహుకాలం ముగిసింది. మంత్రిగారు గుమ్మంవైపు నడిచి, వాచీ చూసుకుని, వెనక్కి తిరిగారు. వాచీలో దుర్ముహూర్తం మొదలైంది. అది పోయేసరికి ఇక్కడ వర్జ్యం. రెండు దేశాల కాలాన్ని ఒక్క చేతికి కట్టుకోవడం సామాన్యులకు సాధ్యమా?

అలాగని ఆయన పొద్దు వృథా చేయలేదు. బెల్టును పరిశీలించారు. మనిషి కదలక్కర్లేదు, సామానే వెతుక్కుంటూ వస్తుంది, ఐటీ అంటే ఇదేనని పీఏ చేత రాయించారు. చెయ్యి పెడితే నీళ్లొచ్చే కుళాయి కింద పలుమార్లు చేతులు కడిగి, రాష్ట్రమంతా ఇవే బిగించాలన్నారు. రుచిత చెయ్యి ఊపితే ఓటరనుకుని దణ్ణం పెట్టారు. సభ జరగాల్సిన హాల్లో జనం పులిహోర తిని, అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి వెళ్లిపోయారని కబురొచ్చింది.

నాగమల్లేశ్వరి ఫోన్ అందుకుని సుధాకరరావుతో అంది. “అన్నయ్యగారూ, సార్‌కి వీలుకాకపోతే పోనీండి. ఆ పెట్టెను పంపండి. దానికి రాహుకాలం లేదు కదా?”

“స్వహస్తాలతో అని పేపర్లకు చెప్పేశామమ్మా.”

సాయంత్రం తిరుగు విమానానికి పిలుపొచ్చింది. మంత్రిగారు రెండు చేతులూ పెట్టెకు ఆనించారు. సుధాకరరావు ఫొటో తీశాడు. ఇద్దరినీ లోపలి దారినే పైకి తీసుకెళ్లారు. విమానాశ్రయం ఉద్యోగి పెట్టెను బయటికి తోసుకొచ్చాడు. వాడిన గజమాలను సాంబశివరావు దానికే వేశాడు.

ఆదివారం బ్లాకు కింద పిల్లలందరి మధ్యా మేకులు పీకారు. నున్నటి నల్లరాయి, బంగారు అక్షరాలు. ‘సింగపూర్ తెలుగు బడి నూతన భవనం. ప్రారంభించినవారు గౌరవనీయులు శ్రీ జానకిరామయ్యగారు.’

నాగమల్లేశ్వరి రాయి మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత రాయిని స్తంభానికి ఆనించమంది. అక్షరాలు లోతుగా, స్పష్టంగా ఉన్నాయి. ఏదీ మబ్బులా లేదు.

రుచిత ఒక్కో అక్షరాన్నీ వేలితో తడుముతూ చదివింది. చుట్టూ చూసింది.

“ఆంటీ, భవనం అంటే బిల్డింగ్ కదా? వేర్ గాట్ బిల్డింగ్ లా?” అంది సింగపూర్ ఇంగ్లీషులో.

“రామయ్యలో ‘య్య’ గట్టిగా పలుకు” అంది నాగమల్లేశ్వరి. “ఏదీ, మొదటి నుంచి చదువు.”