నీలం అంచు డ్రెస్సు

ఫ్యాక్టరీ మెకానిక్ ముత్తయ్య ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి సెలైన్ సీసాలు నింపే తెల్ల గదిలోకి పోవాలి, గాలి ఒత్తిడి చూపే ప్యానెల్ మీద మొండికేసిన ముల్లును బాగు చేయాలి, పదకొండు గంటల ఆసిఫాబాద్ బస్సెక్కాలి. అక్కడ కోడలి పుట్టింట్లో మనవరాలికి ఇరవై ఒకటో రోజు. ముత్తయ్య ఊగిన టేకు తొట్టెల, ముత్తయ్య కొడుకు ఊగిన తొట్టెల, అందులోనే దీపాలు పెట్టే వేళకు పాపను పడుకోబెట్టాలి. ఆ తొట్టెల గోనెపట్టాలో చుట్టి కాపలాదారు వెంకటి గదిలో పెట్టి ఉంది.

"నువ్వు రాక, తొట్టెల రాక, పిల్లను చీరల ఏసి ఊపితే వియ్యంకుల ముంగట నా మొకం ఏడ వెట్టుకోవాలె?" అని ముందే వెళ్లిన భార్య కిష్టవ్వ మరీ మరీ చెప్పింది. ముత్తయ్యకు యాభై నాలుగేళ్లు. ఆమెతో వాదించే ఓపిక అయిపోయి చాలా కాలమైంది.

కరీంనగర్ శివార్లలోని ఆ సెలైన్ ఫ్యాక్టరీకి అది రెండో ఏడు, అంటే 1991. లైసెన్సు పొడిగించుకోవాల్సిన రోజు కూడా అదే. "ఇన్‌స్పెక్టర్ జగపతిరావు పన్నెండింటికి వస్తుండు. ఈడ చూసుకొని ఆసిఫాబాద్ దవాఖానకు పోతడట. గా ప్యానెల్ మీద ఎర్రలైటు కనబడ్డదనుకో, మన లైసెన్సు గోదాట్ల కలిసినట్టే" అన్నాడు యజమాని ఉపేందర్‌రావు.

తెల్ల గదిలోకి పోవడం కన్నా కాశీకి పోవడం నయం. చేతులు మోచేతుల దాకా కడగాలి. ఒళ్లంతా కప్పే తెల్ల డ్రెస్సు, తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. పనిముట్లు కూడా ఆవిరి పెట్టెలో ఉడికి రావాలి. ఒకసారి బయటికి వస్తే ఆ డ్రెస్సు మళ్లీ ఉడకాల్సిందే. లోపల మాట్లాడకూడదు. ఎవరైనా నోరు తెరిస్తే ఆ పూట నింపిన సీసాలన్నీ పారబోయాలని ఉపేందర్‌రావే సంతకం చేసి గోడకు అంటించాడు. లోపల ఎవరు ఎవరో తెలియక చస్తున్నారని డ్రెస్సులు ఇచ్చే కొమురవ్వ ఒక్కొక్కరి రొమ్ము మీద ఎర్ర దారంతో పేరు కుట్టింది.

ముత్తయ్య మొదటిసారి లోపలికి పోయాక చిన్న పానా బయటే ఉందని గుర్తొచ్చింది. బయటికొచ్చాడు. రెండోసారి పోయాక ఫ్యూజు చొక్కా జేబులోనే ఉందని తెలిసింది. మళ్లీ వచ్చాడు. మూడోసారి కొమురవ్వ చేతులు కట్టుకుని నిలబడింది.

"నీకున్నయే రెండు జతలు. ఒకటి ఉడుకుతుంది, ఒకటి నానుతుంది. నేనేం జెయ్యాలె?"

"గా కొత్తది ఇయ్యరాదు?"

"గది ఇన్‌స్పెక్టర్ సారుకు. మెడకాడ నీలం అంచు కనబడ్తలేదా? గా అంచు జూసే మన సారు ఆయనను గుర్తు పడ్తడట."

"ఆయన వచ్చేది పన్నెండింటికి. గిప్పుడు తొమ్మిదిన్నరే. చిటికెల వస్త, ఇయ్యవ్వా."

ఆ ముఖంలోని అలసట చూసి కొమురవ్వ ఇచ్చేసింది.

చెప్పిన వేళకు వచ్చేవాళ్లు ఇన్‌స్పెక్టర్లు ఎందుకవుతారు? జగపతిరావు పదింటికే, గేటు వైపు కాకుండా గోదాము వైపు నుంచి ఒంటరిగా వచ్చి "లోపలికి పోవాలె, ఒక డ్రెస్సు ఇయ్యమ్మా" అన్నాడు. ఇన్‌స్పెక్టరంటే మెడలో పూలదండ, వెనక ఉపేందర్‌రావు ఉంటారని కొమురవ్వ నమ్మకం. ఈయన ఎవరో కొత్త పనివాడనుకుంది. అప్పుడే ఉడికి వచ్చిన డ్రెస్సు చేతిలో పెట్టింది. దాని మీద ఎర్రగా 'ముత్తయ్య' అని ఉంది.

తన పేరే తన వైపు నడిచి వస్తుంటే ముత్తయ్య తేరిపార చూశాడు. సహాయానికి ఒక మనిషిని ఇవ్వమని ఏడాదిగా అడుగుతున్నాడు. ఇన్నాళ్లకు పంపారన్నమాట, వాడికి డ్రెస్సు లేక తనదే తొడిగి. ఇప్పటికైనా దయ కలిగిందనుకుని పానా చేతిలో పెట్టి, ప్యానెల్ కింద దూరమని వేలు చూపించాడు. జగపతిరావు నివ్వెరపోయాడు. తానెవరో చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే సీసాలన్నీ పారబోయించాల్సింది కూడా తానే.

ఇంతలో గోదాము దగ్గర ఇన్‌స్పెక్టర్ జీపు ఉందని వెంకటి చెప్పగా ఉపేందర్‌రావు తెప్పించి ఉంచిన పూలదండ పారేసి, డ్రెస్సు తొడుక్కుని పరుగున వచ్చాడు. నీలం అంచు కనబడగానే వంగి దండం పెట్టాడు. యజమాని తనకు దండం పెట్టడమేమిటో అర్థం కాక ముత్తయ్య ఇంకా కిందికి వంగి తిరుగు దండం పెట్టాడు. పక్కనే 'ముత్తయ్య' పానా పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. ఉపేందర్‌రావు కళ్లెర్రజేసి ప్యానెల్ కిందికి వేలు చూపించాడు. రెండు వేళ్లకు లొంగిపోయి జగపతిరావు మోకాళ్ల మీద దూరాడు.

ముత్తయ్య ముల్లు మీది అద్దాన్ని తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇన్‌స్పెక్టరే తల ఊపుతున్నాడని ఉపేందర్‌రావు బెంబేలెత్తాడు. ముత్తయ్య మళ్లీ తట్టి మళ్లీ ఊపాడు. ఈ ఫ్యాక్టరీ కోసం తండ్రిని ఏడిపించి అమ్మించిన మామిడితోట ఉపేందర్‌రావు కళ్ల ముందు తిరిగింది. కోపం ఆపుకోలేక, ప్యానెల్ కింది నుంచి బయటికున్న కాలిని బూటుతో ఒక్కటి తన్నాడు.

ఆ తన్నుకు ముందుకు జరిగిన జగపతిరావు ముఖానికి ఊడి వేలాడుతున్న రబ్బరు గొట్టం తగిలింది. పక్కనే దాని బెజ్జం ఉంది. ఆయన గొట్టాన్ని అందులో దోపాడు. ముల్లు లేచింది. ఎర్రలైటు ఆరి పచ్చలైటు వెలిగింది. ముత్తయ్య సంతోషంగా సహాయకుణ్ణి బయటికి లాగి భుజం తట్టాడు. ఇన్‌స్పెక్టరే మెచ్చుకున్నాడని ఉపేందర్‌రావు కూడా వీపు మీద రెండు చరిచాడు.

బయటికొచ్చి మూతి గుడ్డలు తీశారు. నీలం అంచు పైన ముత్తయ్య ముఖం కనబడగానే తాను తన్నింది ఎవరినో ఉపేందర్‌రావుకు తెలిసింది.

"నీలం అంచు నేనే ఇచ్చిన, తప్పు నాదే" అంది కొమురవ్వ.

జగపతిరావు కాలు రుద్దుకున్నాడు. తర్వాత లైసెన్సు కాగితం అడిగాడు. "ఇరవై రెండేండ్ల నౌకరీల ఎన్నో గదులు జూసిన. లోపల ముచ్చట్లు పెట్టని గది లేదు. ఈడ తన్నినోడు మాట్లాడలే, తన్నులు తిన్నోడు మాట్లాడలే. రూలంటే గిదే" అని సంతకం చేశాడు.

ఉపేందర్‌రావు ఏడ్చినంత పని చేశాడు. ముత్తయ్య మాత్రం గోడ గడియారం చూసి కూలబడ్డాడు.

"నీకేమయిందయ్యా?" అన్నాడు జగపతిరావు.

"బస్సు పోయింది సారూ, ఇయ్యాల ఇంకోటి లేదు. తొట్టెల ఈడ, పిల్ల ఆసిఫాబాద్‌ల. నా మనవరాలి తొట్టెల సారూ..."

"నేను పొయ్యేది ఆడికే గదా. తొట్టెల తెచ్చుకొని జీపెక్కు."

మంచిర్యాల రాకముందే ముత్తయ్యకు నిద్ర పట్టేసింది. ఆసిఫాబాద్‌లో జగపతిరావు దవాఖాన పని ముగించుకుని, దారి అడుగుతూ సరిగ్గా దీపాలు పెట్టే వేళకు వియ్యంకుల ఇంటి ముందు జీపు ఆపాడు. లేపబుద్ధి కాక జగపతిరావే తొట్టెల భుజానికెత్తుకుని ఇంట్లోకి నడిచాడు. కిష్టవ్వ ఎదురొచ్చింది.

"వచ్చినవా బిడ్డా! మా ఆయన కింద కొత్తగ చేరినవా? మనిషి గావాలని ఏడాది సంది మొత్తుకుంటుండు. జర గా దూలానికి తాడు కట్టు."

కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చిన ముత్తయ్య ఆ మాట విని నోరు తెరిచాడు. జగపతిరావు వేలు పెదవుల మీద పెట్టి, స్టూలు ఎక్కాడు.

పాప తొట్టెలలో ఊగింది. ముత్తయ్య కళ్లు నిండాయి. అతని సహాయకుడు ఆ రోజు రెండో పని కూడా బాగానే చేశాడు.